బలం మాత్రలు

శనివారం పొద్దున రిషిత వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచి, ఒక చేత్తో ఉడకబెట్టిన గుడ్డు తింటూ రెండో చేత్తో ఫారం నింపుతోంది. ఇంకో ఆరు వారాల్లో గ్లాస్గోలో ఆమెకు మొదటి ప్రొఫెషనల్ పోటీ. చుట్టూ వల కంచె, మధ్యలో ఇద్దరు ఆడపిల్లలు. గుద్దవచ్చు, తన్నవచ్చు, ఎత్తి కింద పడేసి మెడ బిగించవచ్చు. దీన్ని ఆట అంటారు. ఈ ఆటలోకి దిగాలంటే ఆరోగ్యం గురించి నలభై ప్రశ్నలకు జవాబులు రాసి, మెదడు స్కాన్ రిపోర్టు జతచేసి పంపాలి.

రిషిత ప్రశ్నలు పైకి చదువుతూ తనే జవాబులు చెప్పుకుంటోంది. ఆస్తమా, లేదు. గుండె జబ్బు, లేదు. షుగర్, తాతయ్యకుంది, నాకు లేదు. స్పృహ తప్పడం గానీ ఫిట్స్ రావడం గానీ ఎప్పుడైనా జరిగిందా? అక్కడ ఆగింది. చిన్నప్పుడు నాకు అలాంటిదేమైనా వచ్చిందా మమ్మీ అని, ఎప్పటిలాగే ఇంగ్లీషులో అడిగింది.

పొయ్యి దగ్గర జొన్నరొట్టె కాలుస్తున్న స్నేహలత వెనక్కి తిరగలేదు. తిరిగితే మొహం దొరికిపోతుందని తెలుసు.

"ఏం లేదు బిడ్డా. ఒక్కసారి హన్మకొండల వడదెబ్బ తగిలింది, గంతే."

రిషిత ఇంకా కాసేపు ఆ వీపు వైపే చూసింది. తరువాత 'లేదు' అన్న గడిలో నొక్కి కిందికి వెళ్ళింది. పెనం మీద రొట్టె మాడిపోయింది.

అది వడదెబ్బ కాదు. ఆ సంగతి స్నేహలత లెక్కలో ఈ లోకంలో నలుగురికే తెలుసు. స్నేహలతకు, ఆమె భర్త రఘువీర్‌కు, అత్తగారు ఆండాళమ్మకు, హన్మకొండ నర్సింగ్ హోమ్‌లోని డాక్టరుకు. ఎవరికి జరిగిందో ఆ పిల్లకు మాత్రం చెప్పలేదు.

తొమ్మిదేళ్ళ కిందటి మాట. రఘువీర్ తమ్ముడు క్రాంతి పెళ్ళికని ఎడిన్‌బర్గ్ నుంచి ముగ్గురూ హన్మకొండ వెళ్ళారు. రిషితకు అప్పుడు పదమూడు. మే నెల ఎండ. కాలనీ మైదానంలో మగపిల్లలతో ఫుట్‌బాల్ ఆడుతూ, గాల్లో బంతి కోసం ఎగిరి ఇంకో పిల్లాడి తలకు తల కొట్టుకుంది. బొప్పి కట్టింది, మంచు ముక్క పెట్టారు, మరిచిపోయారు. మూడో రోజు మధ్యాహ్నం ఇంటినిండా చుట్టాలు భోజనాలకు కూర్చుంటుంటే ముందుగదిలో దబ్బున పడింది. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. కళ్ళు పైకి వెళ్ళిపోయాయి. నోటి వెంట నురగ వచ్చింది. ఎవరో పరుగున తాళంచెవుల గుత్తి తెచ్చి ఆ బిగిసిన పిడికిట్లో కుక్కారు. రెండు నిమిషాలో, మూడో. స్నేహలతకు మాత్రం అది ఇప్పటికీ పూర్తి కాలేదు.

డాక్టరు ఫిట్స్ అన్నాడు. తలకు తగిలిన దెబ్బ వల్ల కావచ్చు, లోపల ముందునుంచే ఉండి ఇప్పుడు బయటపడి ఉండవచ్చు, మీ దేశం వెళ్ళగానే పెద్ద డాక్టరుకు చూపించండి, ఈ మాత్రలు మాత్రం ఆపొద్దు అన్నాడు. ఏమేం ఉంటే మళ్ళీ వచ్చే ప్రమాదముందో కూడా వేళ్ళు మడిచి చెప్పాడు. నిద్ర చాలకపోవడం, కడుపు మాడ్చుకోవడం, ఒంట్లో నీళ్ళు తగ్గడం, తలకు దెబ్బ.

నర్సింగ్ హోమ్ వరండాలో ఆండాళమ్మ కొడుకునూ కోడలినీ పక్కకు పిలిచింది. "మూర్ఛ అన్న మాట బయటికి పొక్కిందంటె పిల్లకు రేపు సంబంధం రాదు. అందరికి వడదెబ్బ అనే చెప్పుండ్రి. పిల్లకు సుత గట్లనే చెప్పుండ్రి" అంది.

తప్పంతా ఆ ముసలామె నెత్తిన వేసేస్తే మనకు సుఖంగా ఉంటుంది. కానీ ఆమె అన్నది ఒక్క మాట. దాన్ని తొమ్మిదేళ్ళు ఎడిన్‌బర్గ్‌లో సాకి పెంచింది స్నేహలతే. అక్కడి ఫ్యామిలీ డాక్టరు జీపీకి చెప్పలేదు. చెబితే రికార్డులోకి ఎక్కుతుంది, స్కూలుకు తెలుస్తుంది, పిల్లను అప్పుడే తీసుకున్న ఫుట్‌బాల్ క్లబ్బుకు తెలుస్తుంది. మందులు హన్మకొండ నుంచే తెప్పించేది. మాస్టర్స్ చదువుకు వచ్చే పిల్లల సూట్‌కేసుల్లో, పచ్చడి డబ్బాల పక్కన, ఆరేసి నెలల మాత్రలు వచ్చేవి. వాటిని అట్టల్లోంచి తీసి విటమిన్ల సీసాలో పోసి పెట్టేది. బలం మాత్రలు బిడ్డా, ఆటకు మంచివి, పొద్దునొకటి రాత్రొకటి అనేది. పిల్ల నమ్మింది. అమ్మ ఇస్తే ఏ పిల్లయినా నమ్ముతుంది.

పద్నాలుగో ఏట ఒకసారి తెల్లవారుజామున నిద్రలో మళ్ళీ ఫిట్స్ వచ్చింది. స్నేహలత ఒక్కతే చూసింది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, దుప్పటి మార్చి, మోతాదు పెంచమంటారా అని హన్మకొండకు ఫోను చేసింది. ఆ తరువాత రాలేదు. పదహారు దాటాక డాక్టరు ఫోనులోనే మెల్లగా మానిపించమన్నాడు. మానిపించారు. గండం గడిచిందనుకున్నారు.

గడిచిందా లేదా అన్నది ప్రతి ఆదివారం ఆమెకు పరీక్షే. రిషిత వెనక వరసలో డిఫెండరు. కార్నర్ కిక్ వచ్చిందంటే బంతిని తలతో కొట్టి బయటికి పంపాల్సింది ఆమే. గట్టు మీద నిలబడ్డ మిగతా తల్లిదండ్రులు కేకలు పెడుతుంటే స్నేహలత కళ్ళు మూసుకునేది. చప్పుడు విని, పిల్ల పరుగెత్తే అడుగులు విన్నాక తెరిచేది.

పందొమ్మిదో ఏట క్లబ్బు కాంట్రాక్టు పొడిగించలేదు. పది నిమిషాల మీటింగు, ఒక కరచాలనం. పన్నెండేళ్ళ ఆట అంతటితో సరి. స్నేహలతకు ఆ రోజు లోలోపల ఎంత హాయనిపించిందో ఆమెకే సిగ్గు. ఆ హాయి నాలుగు రోజులు కూడా నిలవలేదు. రిషిత గది కర్టెన్లు తీయలేదు. తల దువ్వుకోలేదు. పెట్టిన కంచం పెట్టినట్టే తిరిగి వచ్చేది. నాలుగు నెలలు అలాగే గడిచాయి. ఒకరోజు తలుపు సందులోంచి ఆ పిల్ల గోడ వైపు చూస్తున్న చూపు చూసి రఘువీర్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు.

అప్పుడు స్నేహితురాలెవరో ఊరి చివర లీత్‌లోని కుస్తీ క్లబ్బుకు లాక్కుపోయింది. అక్కడ కోచ్ మోరాగ్ అని యాభై ఏళ్ళ మనిషి, పొట్టిగా, దిట్టంగా ఉంటుంది. డిఫెండరు కాళ్ళు కదా, నేలను వదలవు అని మొదటి రోజే అందట. ఎదుటివాళ్ళు తోసుకొస్తుంటే నిలబడడం, తప్పించుకోవడం, అదను చూసి కాళ్ళు పట్టి లేపడం, అన్నీ రిషితకు ఫుట్‌బాల్ నేర్పినవే. ఏడాదిలో పతకం తెచ్చింది. మన ఇంట్ల కుస్తీల తాలింఖానకు పోయినోడు మగోడే లేడు, ఇది పోయిందా అని ఆండాళమ్మ వీడియో కాల్‌లో నోరు నొక్కుకుంది. స్నేహలత మాత్రం ఆ చాపకు మనసులోనే దండం పెట్టుకుంది. కుస్తీలో తలకు దెబ్బ అరుదు. పిల్ల మళ్ళీ తింటోంది, నవ్వుతోంది, బస్సులో కూనిరాగం తీస్తోంది.

కుస్తీ పట్టేవాళ్ళను కంచెలోని ఆట ఊరికే వదలదు. పట్టు తెలుసు, ఇక గుద్దు నేర్చుకుంటే చాలంటారు. ఏడాదిన్నరలో రిషిత క్లబ్బుల మధ్య చిన్న పోటీలు నాలుగు ఆడి నాలుగూ గెలిచింది. ఇప్పుడు ఈ ఫారం వచ్చింది. స్నేహలత పని పెనం మీంచి జారి పొయ్యిలో పడ్డట్టయింది.

ఆమె చేసే ఉద్యోగం ఇంకో విడ్డూరం. ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో పదహారేళ్ళుగా, మనుషులు బతికుండగా నింపిన ఫారాలను, వాళ్ళు పోయాక వచ్చిన ఆస్పత్రి కాగితాలతో పోల్చి చదవడమే పని. ఎక్కడ 'లేదు' అని రాశారో అక్కడ నిజంగా లేదా అని చూడాలి. దాచినట్టు తేలితే ఆ మాట రాసి కింద సంతకం పెట్టాలి. జనం ఎందుకు దాస్తారో ఆమెకు తెలిసినంతగా ఆ అంతస్తులో ఎవరికీ తెలియదు. ఆ ఆరు వారాలూ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుగా, ఎవరి ఫైలు తెరిచినా ముందు పేరు చూసుకుంది. ఒక మధ్యాహ్నం ముప్పై ఏళ్ళ మనిషి ఫైలు వచ్చింది. అతనికి ఫిట్స్ ఉన్నాయి, ఫారంలో లేవు. ఆమె ఆ ఫైలును పక్క సీటు మనిషికి ఇచ్చేసి టాయిలెట్‌లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడు చాటున నిలబడింది.

రఘువీర్‌తో ఆ మొదటి శనివారం సాయంత్రమే మాట్లాడింది. అతను బ్యాంకు కంప్యూటర్ల పని చేస్తాడు. ఏ పని అయినా నడుస్తున్నంతకాలం దాన్ని ముట్టుకోవద్దన్నది అతని సిద్ధాంతం. మెదడు స్కాన్ శుభ్రంగా వచ్చిందిగా అన్నాడు. ఎనిమిదేళ్ళుగా ఏమీ లేదుగా అన్నాడు. స్కాన్ బాగున్నంత మాత్రాన ఫిట్స్ రావన్న హామీ లేదని హన్మకొండ డాక్టరే చెప్పాడు కదా అని ఆమె అంది. అతను లేచి గది తలుపు మూశాడు.

"చెప్తె ఏమైతది? దాని ఆట పోతది. కార్ లైసెన్స్ గూడ పోతది. మళ్ల ఆ రూంల పండవెడ్తవా దాన్ని? నాకు అది చూసే బలం లేదు స్నేహా" అన్నాడు చివరికి.

చెబితే కూతురు ఆ చీకటి గదిలోకి వెళుతుంది, పైగా తొమ్మిదేళ్ళు తల్లి అబద్ధమాడిందని తెలుసుకుని వెళుతుంది. చెప్పకపోతే కంచె మధ్య లైట్ల కింద, వేల మంది చూస్తుండగా పడిపోవచ్చు. పడ్డాక ఎదుటి పిల్ల ఆగదు. ఆగమని రిఫరీ చెప్పేదాకా గుద్దడమే ఆ ఆట. ముందు నుయ్యి, వెనక గొయ్యి. స్నేహలత రెండిటి మధ్యా రోజూ బస్సెక్కి ఆఫీసుకు పోతూ వస్తూ ఉంది.

మూడో వారం ధైర్యం చేసి ప్రాక్టీసు చూడ్డానికి వెళ్ళింది. చెమట వాసన, చాపల మీద దబ్ దబ్ మని పడుతున్న ఒళ్ళు. రిషిత తనకంటే పొడుగైన అమ్మాయితో తలపడుతోంది. ఒక గుద్దు చెంప మీద పడింది. రిషిత నిలబడిపోయింది. చేతులు కిందికి జారాయి. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి గానీ ఏమీ చూడడం లేదు. ఒకటి, రెండు, మూడు అని స్నేహలత లెక్కపెట్టింది. నాలుగు అనేలోపు పిల్ల తల విదిలించి, నవ్వి, మళ్ళీ చేతులు ఎత్తింది. మోరాగ్ ఏదో అరిచింది, అందరూ నవ్వారు. స్నేహలత బెంచీ మీద కూలబడింది.

తరువాత మోరాగ్ టీ కప్పు ఇస్తూ పక్కన కూర్చుంది. మన వాళ్ళకు తెలిసిన పాత ఎత్తే స్నేహలత వేసింది. మా ఆఫీసులో ఒకామె కూతురు కూడా ఇదే ఆటలో ఉంది, చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవట, అలాంటి పిల్లను దింపుతారా అని అడిగింది. మోరాగ్ తడుముకోలేదు. కుస్తీ అయితే డాక్టర్లు చూసి ఆలోచించవచ్చునంది, ఇందులో మాత్రం ఏ డాక్టరూ సంతకం పెట్టడంది. మరి ఆ తల్లి దాచిపెడితే? మోరాగ్ ఆమె వైపు తిరిగి చూసింది. అప్పుడు ఏదో ఒకరోజు ఆస్పత్రి నుంచి ఆ తల్లికి ఫోను చేసేది నాలాంటిదే అంది. స్నేహలత కప్పు మీద వేళ్ళు బిగించి, అవును పాపం అంది. దొంగకు తేలు కుట్టినట్టుంది ఆమె పరిస్థితి. నొప్పి అని అరవడానికి లేదు.

ఇంటికి వస్తూ కారు రిషిత నడిపింది. చెప్పేద్దామని స్నేహలత రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ, నడుస్తున్న కారులో ఆ మాట పిల్ల చెవిన పడితే స్టీరింగు ఏమవుతుందోనని భయపడి మూసుకుంది. ఇంటికి చేరాక చెబుదామనుకుంది. ఇల్లు వచ్చాక రిషిత ఆకలేస్తోందంది. అన్నం పెట్టాక నిద్రొస్తోందంది. చెప్పకూడదనుకున్న మనిషికి ఇలాంటి సాకులు ఎన్నయినా దొరుకుతాయి.

ఆఖరి వారం అసలు భయం మొదలైంది. పోటీ బరువుకు దిగడానికి రిషిత మూడున్నర కిలోలు తగ్గాలి. ముందు అన్నం మానేసింది, తరువాత ఉప్పు, బుధవారం నుంచి నీళ్ళు కూడా గుక్కలు లెక్కపెట్టి తాగింది. ఆకలికి నిద్ర పట్టక మెట్లు ఎక్కుతూ దిగుతూ తిరిగింది. బుగ్గలు లోపలికి పోయాయి, పెదాలు పగిలాయి. నిద్ర, తిండి, నీళ్ళు, దెబ్బ. డాక్టరు మడిచి చూపిన నాలుగు వేళ్ళలో మూడు ఇంట్లోనే కళ్ళెదుట ఉన్నాయి. నాలుగోది శనివారం గ్లాస్గోలో సిద్ధంగా ఉంది.

గురువారం మధ్యాహ్నం మిగిలిన బరువు చెమటలో పోవాలని వేడినీళ్ళ తొట్టిలో కూర్చోవాలి. లోపల ఉన్నంతసేపూ తలుపు బయట ఎవరైనా కాపలా ఉండాలని మోరాగ్ షరతు. స్నేహలత సెలవు పెట్టి ఆ తలుపు ముందు కార్పెట్ మీద కూర్చుంది. గడియ వేయొద్దని చెప్పింది. నీళ్ళల్లో ఉండగా వస్తే ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండు నిమిషాలకోసారి తలుపు తట్టి బిడ్డా అనేది. లోపల్నుంచి, యెస్ మమ్మీ. మళ్ళీ రెండు నిమిషాలు. యెస్ మమ్మీ. ఆ గొంతు ప్రతిసారీ కాస్త సన్నబడుతున్నట్టు తోచింది.

ఏడోసారి జవాబు రాలేదు.

ఇంకోసారి తట్టింది. రాలేదు. చిన్నగా నీళ్ళ చప్పుడు, అంతే. స్నేహలత తలుపు తోసుకుని లోపలికి పడింది. ఆవిరి. గడ్డం దాకా నీళ్ళు, వెనక్కి వాల్చిన తల, మూసిన కళ్ళు. చంకల కింద చేతులు వేసి గుంజింది. రిషిత ఉలిక్కిపడి కెవ్వుమంది. చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు జారి నీళ్ళలో పడ్డాయి. పాటలు వింటోందట. ఏమైంది నీకు, ఏం చేస్తున్నావు అని అరిచింది. స్నేహలత తడిసిన చేతులు చీరకొంగుకు తుడుచుకుందామని చూసి, తను వేసుకున్నది ప్యాంటని గుర్తొచ్చి, తువ్వాలు తెచ్చిన అంది. చేతిలో తువ్వాలు కూడా లేదు. రిషిత ఆమెను అలా చూస్తూనే ఉంది.

ఆ రాత్రి స్నేహలత భర్తతో ఏమీ అనలేదు. అంటే అతను ఆ నాలుగు నెలలను మళ్ళీ గుర్తుచేస్తాడు, తను మళ్ళీ ఆగిపోతుంది. నాకూ ఆ గది భయమే గానీ, గదిలో ఉన్న పిల్లకు కనీసం అన్నం పెట్టొచ్చు అనుకుంది.

శుక్రవారం పదకొండు గంటలకు గ్లాస్గోలో ఒక హోటల్లో బరువు చూశారు. రిషిత సరిగ్గా తూగింది. మోరాగ్ ఆమెను భుజాల మీదికి ఎత్తుకున్నంత పని చేసింది. మిగిలింది డాక్టరు గది ఒక్కటే. నా జాకెట్ పట్టుకో మమ్మీ అని రిషిత తల్లిని వెంట తీసుకెళ్ళింది. మోరాగ్ గుమ్మం దగ్గర నిలబడింది.

డాక్టరు నెరిసిన జుట్టు మనిషి, తొందర లేని మనిషి. కళ్ళలో లైటు వేసి చూశాడు, గుండె విన్నాడు, పిడికిళ్ళు నొక్కి చూశాడు. కాగితం ముందుకు లాక్కుని, ఇవన్నీ మీరు రాసినవే, నా తృప్తికి ఒకసారి నోటితో అడుగుతాను అన్నాడు. తలనొప్పులు? లేవు. చూపు మసకబారడం? లేదు. ఫిట్స్?

"లేవు" అంది రిషిత.

"ఉన్నయి" అంది స్నేహలత.

తెలుగులోనే అనేసింది. డాక్టరుకు అర్థం కాలేదు. రిషితకు అయింది. మమ్మీ, ఆపు అంది పళ్ళ బిగువున. స్నేహలత ఆగలేదు. ఇంగ్లీషులోకి మారి, ఆఫీసులో ఫైలు చదివే గొంతుతో, మొదటిది ఏ నెల, రెండోది ఏ నెల, మాత్రల పేరు, మోతాదు, ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు మానిపించారు, అన్నీ వరసగా చెప్పింది. పిల్లకు వీటిలో ఏదీ తెలియదు, దాచింది నేను, ఫారంలో అబద్ధం నాది, దానిది కాదు అంది. కుర్చీ వీపు పట్టుకునే నిలబడింది.

డాక్టరు కలం కింద పెట్టాడు. రిషిత లేచి, ఎవరి మొహమూ చూడకుండా మోరాగ్‌ను తప్పించుకుని బయటికి వెళ్ళిపోయింది. మోరాగ్ తల వంచుకుంది. ఇది మీరు ఇవాళ చెప్పడం మంచిదైంది అని డాక్టరు మెల్లగా అన్నాడు, జాబితాలో ఒక పేరు మీద గీత గీశాడు. పన్నెండేళ్ళ ఫుట్‌బాలు, మూడేళ్ళ కుస్తీ ఆ గీతకు అటువైపు ఉండిపోయాయి.

రిషిత హోటలు వెనక మెట్ల మీద దొరికింది. రెండు రోజుల దాహాన్ని ఒకే సీసాతో తీర్చుకుంటున్నట్టు గటగటా నీళ్ళు తాగుతోంది. స్నేహలత రెండు మెట్లు కింద నిలబడింది. పై మెట్టు ఎక్కే హక్కు ఉందనిపించలేదు.

"తిట్టు బిడ్డా. ఎంతనన్న తిట్టు" అంది.

రిషిత తిట్టలేదు. సీసా పక్కన పెట్టి, ఇంగ్లీషులో, అలిసిపోయిన గొంతుతో చెప్పింది. నాకు తెలుసు అంది. పదిహేనో ఏట తల్లి అల్మారాలో చలికోటు కోసం వెతుకుతుంటే మాత్రల అట్ట ఒకటి దొరికిందట. బలం మాత్రల రంగే, ఆ ఆకారమే. పేరు ఫోనులో కొట్టి చూసిందట. ఆ రోజు నుంచీ తెలుసట. ఆ శనివారం వంటింట్లో నేను అడిగింది జవాబు తెలియక కాదు మమ్మీ అంది. నువ్వు వెనక్కి తిరిగి నిజం చెబితే ఫారం మూసేద్దామనుకున్నాను, నువ్వు తిరగలేదు అంది.

స్నేహలత రైలింగ్ పట్టుకుంది. ఇంతకంటే ఇంకేమీ ఉండదనుకుంది.

ఉంది. ఆ ఫిట్స్ పోలేదు అంది రిషిత. జనవరిలో ఒకటి, మార్చిలో ఒకటి, పోయిన బుధవారం కాక ముందటి బుధవారం ఒకటి. మూడూ పగలే, మీరిద్దరూ ఆఫీసులో ఉన్నప్పుడే. కళ్ళు తెరిచేసరికి హాల్లో నేల మీద ఉన్నానంది. నాలుక తెగిందని ఆ రోజు చెబితే ప్రాక్టీసులో తగిలిందనుకుని పెరుగన్నం కలిపి పెట్టావు చూడు, అప్పటిదే మూడోది అంది.

మూడుసార్లు. ఆ పిల్ల ఖాళీ ఇంట్లో ఒక్కతే పడింది, ఒక్కతే లేచింది, నోరు తుడుచుకుంది, కార్పెట్ తుడిచింది. ఒంటిగంటకు అమ్మ ఫోను చేసి తిన్నావా అంటే తిన్నానంది. తొమ్మిదేళ్ళుగా తనే కాపలా కాస్తున్నాననుకుంది స్నేహలత. అసలు కాయాల్సిన వేళల్లో తను ఊళ్ళోవాళ్ళ ఫారాల్లో అబద్ధాలు వెతుకుతూ కూర్చుంది.

"మరి నాకెందుకు చెప్పలేదే?" అంది.

రిషిత సీసాకు మూత పెట్టింది. ఇంట్లో అంతా తెలుగు మాట్లాడుతుంటే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల, ఇప్పుడు తెలుగులో అంది.

"నువ్వు భయపడ్తవని."

స్నేహలత అప్పుడు రెండు మెట్లూ ఎక్కి పక్కన కూర్చుంది. చేతిలోని జాకెట్ పిల్ల భుజాల మీద కప్పింది. లోపల హాల్లో ఎవరి పేరో పిలిచారు, జనం చప్పట్లు కొట్టారు. రిషిత ఆ వైపు ఒకసారి తల తిప్పి, మళ్ళీ ఇటు తిప్పుకుంది. కాసేపయ్యాక, ఎప్పుడూ అడగని మాట అడిగింది.

"అది వచ్చినప్పుడు నేను ఎట్ల ఉంట మమ్మీ? నాకు తెల్వదు. ఎవరు చూసి చెప్పలే."

ఆ మాటకు స్నేహలత ఆమె వైపు తిరిగి కూర్చుంది. హన్మకొండ ముందుగది దగ్గర్నుంచి మొదలుపెట్టింది. కళ్ళు ఎలా తిరిగాయో, పిడికిలి ఎలా బిగిసిందో, తనెంత గట్టిగా పేరు పెట్టి పిలిచినా ఎలా వినబడలేదో, ఏదీ తగ్గించకుండా చెప్పింది. రిషిత మధ్యలో అడ్డు రాలేదు. తనకు జరిగిన దాన్ని మొదటిసారి వింటోంది.

అంతా అయ్యాక, అప్పుడు నీకు భయమైందా అని అడిగింది.

"అయింది బిడ్డా" అంది స్నేహలత. "ఇప్పుడు గూడ అయితున్నది."

రిషిత తల తెచ్చి ఆమె భుజం మీద పెట్టింది. స్నేహలత ఆ తలను కదలనివ్వకుండా రెండు చేతులా పట్టుకుని, ఇవాళే ఇక్కడి ఆస్పత్రికి ఎలా వెళ్ళాలో మోరాగ్‌ను అడుగుదామంది.